తెర మీది మన పల్లెలు

చరిత్ర యనగా రాజుల వంశావళులును, యుద్ధముల తేదీలును మాత్రమే యని మనవారు చాలకాలము తలచిరి. ఆ తలంపును గట్టిగా కదల్చిన తెలుగువారిలో పాలమూరు సీమవారగు సురవరము ప్రతాపరెడ్డిగారు ముఖ్యులు. 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిన ఆ మహనీయుడు, 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ యందు మన పూర్వులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ మూఢనమ్మకములకు లోబడిరి అను ప్రశ్నలు వేసి, కావ్యముల మూలమూలలను గాలించి జవాబులు పోగుచేసిరి. 1955లో తెలుగునకు వచ్చిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము ఆ గ్రంథమునకే దక్కినది. రాజు కొలువుదీరిన తీరు కంటె రైతు గొంగడి కప్పుకొన్న తీరు చరిత్రకు తక్కువది కాదని ఆయన మనకు నేర్పిరి. ఆ పాఠమును తెర మీద చదివించిన కళాకారులు కొందరు కలరు. వారే చలనచిత్ర దర్శకులు. నల్లగొండ, పాలమూరు పల్లెల బ్రతుకు వారి చేతులలో ఎట్లు చరిత్రయైనదో విచారించుటయే మా యుద్దేశము.

మన యిండ్లలో సినిమాను గూర్చి రెండు విధములగు భావములు కలవు. పెద్దలు అది పిల్లలను చెరచునని చీదరించుకొందురు. పిల్లలు నటుల పేర్లు జపింతురు. ఈ యిరుతెగలవారికిని దర్శకుని పేరు పట్టదు. చిత్రము బాగున్నచో నటుడు గొప్పవాడనియు, బాగులేనిచో కాలము చెడ్డదనియు చెప్పి ఊరకుందురు. కాని బొమ్మలాటలో బొమ్మ ఎంత చక్కనిదైనను దానిని ఆడించు చేయి తెర వెనుక నున్నది గదా! ఏ వెలుతురులో ఏ మొగమును చూపవలయును, ఎంతసేపు చూపవలయును, ఎప్పుడు మాటలాడింపవలయును, ఎప్పుడు ఊరకుండవలయును అను నిర్ణయమంతయు దర్శకునిది. ఆ నిర్ణయములలో ఆయన వివేకమును, నీతియును బయటపడును. పేదరాలి చినిగిన చీరను జాలిగొల్పుటకు చూపువాడొకడు. ఆ చీరనే ఆమె కుట్టుకొని, ఉతుకుకొని, గౌరవముగా కట్టుకొన్న తీరును చూపువాడింకొకడు. ఈ భేదమును గుర్తించుటయే దర్శకకళను మెచ్చుటలో మొదటి మెట్టు.

మన సీమ తెరకెక్కుటలో ఎందుకింత ఆలస్యమైనది? దీనికి చారిత్రక కారణములు కలవు. హైదరాబాదులో చలనచిత్ర నిర్మాణము చాల ముందుగనే మొదలైనది. బంగాళమునుండి వచ్చిన ధీరేన్ గంగూలీ 1922లో ఇచట లోటస్ ఫిలిం కంపెనీని స్థాపించెను. కాని 1924లో, ముస్లిము రాణికిని హిందువునకును నడుమ ప్రేమను కథగా గల ‘రజియా బేగం’ అను చిత్రమును ప్రదర్శించినందున నిజాము ప్రభుత్వ మాయనను రాజ్యమునుండి వెడలగొట్టినది. మొలక అక్కడనే వాడినది. 1932లో హెచ్. ఎమ్. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’తో పలుకనేర్చిన తెలుగు చిత్రము, అటుపిమ్మట చాలకాలము మదరాసునే తన పుట్టిల్లుగా చేసికొన్నది. అచటను ధైర్యవంతులు లేకపోలేదు. గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లో ‘మాలపిల్ల’ను తీసి అస్పృశ్యతను నిలదీసిరి, 1939లో ‘రైతుబిడ్డ’ను తీసి జమీందారుల యాగ్రహమునకు గురియైరి. కాని ఆ చిత్రము పలికినది కోస్తా రైతు గోడును. నిజాము రాజ్యమందలి వెట్టివాని గోడు ఆ తెరకు అందనంత దూరమున నుండెను.

ఆ గోడు సామాన్యమైనదా? అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో విసునూరు దేశముఖు ఒక్కని చేతిలో అరువది గ్రామములు, నలువది వేల ఎకరముల భూమి యుండెనని చరిత్రకారులు వ్రాసిరి. 1930లో జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదలైన ఆంధ్రమహాసభ, 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన సమావేశమగు నాటికి పల్లె ప్రజల సంఘముగా మారినది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగెను. 1948 సెప్టెంబరులో భారత సైన్యము వచ్చి నిజాము పాలన ముగిసినను, రైతుల సాయుధ పోరాటము 1951 అక్టోబరు వరకును సాగినది. ఇంతటి కథకు మన పల్లెలలో బుఱ్ఱకథలున్నవి, పాటలున్నవి, ముసలివారి జ్ఞాపకములున్నవి. తెర మీద మాత్రము పాతికేండ్లు గడచువరకును దాని జాడ కనబడలేదు.

మొదట తలుపు తెరచినవారు శ్యామ్ బెనెగల్‌గారు. 1934లో సికిందరాబాదు తిరుమలగిరిలో పుట్టి, 2024 డిసెంబరు 23న కన్నుమూసిన ఈ దర్శకుడు తన బాల్యమందలి తెలంగాణమును మరువలేదు. 1974లో వచ్చిన ఆయన తొలి కథాచిత్రము ‘అంకుర్’లో కథ చాల చిన్నది. పట్నమున చదివిన దొరకొడుకు పల్లెకు వచ్చును. ఇంటిపని చేయు లక్ష్మిని చేరదీయును. ఆమె గర్భవతి కాగానే భయపడును. తుదకు, చెవులు వినబడని, నోరు పలుకని ఆమె భర్త కిష్టయ్యను కొరడాతో కొట్టును. దీనిని చూచిన బాలుడొకడు దొర కిటికీ అద్దముపై రాయి విసరి పారిపోవును. తెర యెఱ్ఱబడును. చిత్రము ముగియును. ఉపన్యాసము లేదు, న్యాయస్థానము లేదు, పోలీసులు లేరు. ఆ ఒక్క రాయి వెనుక ఎన్ని తరముల కోపమున్నదో ఊహించుకొను భారమును దర్శకుడు మనకే విడిచినాడు. చెప్పదలచినది తక్కువ చెప్పి, చూచువాని మనస్సును పనిలో పెట్టుట గొప్ప దర్శకుని లక్షణము.

మరుసటి యేడు వచ్చిన ‘నిశాంత్’ ఇంకను కఠినమైనది. 1945 నాటి పల్లెలో బడిపంతులు భార్యను దొర తమ్ములు ఎత్తుకొని పోవుదురు. పంతులు తిరుగని గడప లేదు. ఆలకించిన అధికారి లేడు. తుదకు జనము తిరుగబడుదురు. ఇచట సామాన్య దర్శకుడైనచో విజయభేరి మ్రోగించి యుండును. బెనెగల్‌గారు అట్లు చేయలేదు. ఆ గుంపు చేతిలో దోషులతోపాటు నిర్దోషులును చత్తురు. ఎవరిని విడిపించుటకు పంతులు జనమును లేపెనో ఆమెయును బ్రదుకదు. తిరుగుబాటును సమర్థించుచునే దాని వెలను దాచని ఈ నిజాయితీ చరిత్రకారునిది. పోరాటమును పూజించుట సులభము, తూలనాడుటయు సులభము. ఉన్నదున్నట్లు చూపుటయే కష్టము.

వంగదేశపు దర్శకులు ఇరువురకును మన పల్లెలు ఋణపడి యున్నవి. మృణాల్ సేన్‌గారు ప్రేమచందు వ్రాసిన ‘కఫన్’ కథను తెలంగాణ పల్లెకు తెచ్చి 1977లో ‘ఒక ఊరి కథ’గా తెలుగులో తీసిరి. పని చేసినను దొరకే లాభమని తెలిసి పని మానుకొన్న తండ్రి వెంకయ్యగా కన్నడ నటుడు వాసుదేవరావుగారు నటించిరి. సోమరితనమును కూడ ఒక నిరసనగా చూపిన ఆ సాహసము నీతివాదులకు రుచింపకపోవచ్చును. కాని వెట్టి ఉన్నచోట శ్రమకు విలువ యెట్లు చచ్చునో అది తెలిపినంత గట్టిగా ఏ నీతిపద్యము తెలుపలేదు. రెండవవారు గౌతమ్ ఘోష్‌గారు. కృషన్ చందర్ ఉర్దూలో వ్రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ నవల ఆధారముగా ఆయన 1979లో ‘మా భూమి’ని తీసిరి. అది ఆయన తొలి కథాచిత్రము. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథుగారలు. సాయిచందు మొదలగు కొత్తవారు నటించిరి. వెట్టి కుటుంబములో పుట్టిన రామయ్య అను పడుచువాడు ఊరు విడుచును, పట్నము చూచును, సంఘమును తెలిసికొనును, మరల ఊరు చేరి పోరాడును. ఈ చిత్రమున బండి యాదగిరి కట్టిన పోరాటకాలపు పాటను గద్దరుగారు గజ్జెకట్టి, గొంగడి భుజమున వేసికొని పాడిరి. 2023లో ఆయన మరణించిననాడు జనమునకు మొదట జ్ఞప్తికి వచ్చిన రూపము అదియే. పాటను పాటగా అమర్చక, ఊరి నడుమ జరిగిన సంఘటనగా చూపుట దర్శకుని నేర్పు. ఊరివారు వినుచున్నట్లు మనమును విందుము.

పొరుగువాడు వచ్చి మన యిల్లు చూపినచో కృతజ్ఞత చెప్పవలసినదే. కాని ఇంటివాడు చూపినచో వేరొక లోతు కలుగును. ఆ లోతును మనకు చూపినవారు బి. నర్సింగరావుగారు. 1946లో మెదకు సీమయందలి ప్రజ్ఞాపురమున భూస్వాముల యింట పుట్టిన వీరు చిత్రకారులు, కవులు కూడ. 1983లో ‘రంగుల కల’తో దర్శకులై, 1988లో ‘దాసి’ని తీసిరి. మా దృష్టిలో తెలంగాణ చరిత్రను గూర్చి వచ్చిన చిత్రములలో దీనికి సాటి లేదు.

ఆడబాప యను మాటను మన పిల్లలెరుగరు. ఎరుగకుండుట వారి అదృష్టము. దొరబిడ్డ పెండ్లియై అత్తవారింటికి పోవునప్పుడు పెట్టెలతోను, పశువులతోను కూడ పంపబడు ఆడుపిల్ల ఆడబాప. ఆమెకు కూలి లేదు, పెండ్లి లేదు, తనదనుకొన దగిన గది లేదు. గడీలో పగలు చాకిరి. రాత్రి దొర పిలుపు. నర్సింగరావుగారు ఈ వ్యవస్థను ఖండించుచు ఒక్క మాటయు చెప్పింపలేదు. కమలాక్షి యను దాసి తెల్లవారినది మొదలు చేయు పనులను చూపిరి. ఊడ్చుట, నీళ్లు తోడుట, దీపము పెట్టుట, దొరసాని కాళ్లు పట్టుట, పిలిచినప్పుడు గోడ వారగా వచ్చి తల వంచి నిలుచుట. కెమెరా తొందరపడదు. పని ముగియువరకును మనమును నిలువవలసినదే. పది నిమిషములు చూచుసరికి మన నడుము నొచ్చినట్లగును. ఆమె గర్భవతియైన పిదప ఆ బిడ్డను నిలుపుకొను హక్కు కూడ ఆమెది కాదని తెలియునప్పుడు, అంతవరకు చూచిన చాకిరి యంతయు ఒక్కసారిగా మన గుండెమీద పడును. ఆ పాత్రను ధరించిన అర్చనగారు మాటలతో కాక మెడ వంపుతోను, చూపుతోను నటించిరి.

1988వ సంవత్సరపు జాతీయ పురస్కారములలో ఐదు ఈ చిత్రమునకే వచ్చినవి: ఉత్తమ తెలుగు చిత్రము, ఉత్తమ నటి, ఛాయాగ్రహణము, కళాదర్శకత్వము, దుస్తుల కల్పన. కళాదర్శకులు చిత్రకారులు తోట వైకుంఠముగారు, ఛాయాగ్రాహకులు ఎ. కె. బీర్‌గారు. దుస్తులకు బహుమానమందిన పిట్టంపల్లి సుదర్శన్‌గారు మన నల్లగొండ జిల్లా మిర్యాలగూడెము వారు. అప్పటినుండి ఆయనను లోకము ‘దాసి సుదర్శన్’ అనియే పిలిచినది. 2024లో ఆయన గతించిరి. పట్టుపీతాంబరములకు కాక, నేతచీరకును, మాసిన రవికెకును, తలపాగ చుట్టిన వాటమునకును దేశము బహుమానమిచ్చుట చిన్న సంగతి కాదు. ఏ చీర ఏ కులపు స్త్రీ యెట్లు కట్టును, ఎంత ఎత్తున కట్టును, కొంగు ఎచట దోపును అను సంగతులే ఆనాటి సంఘపు నిచ్చెనమెట్లు. ప్రతాపరెడ్డిగారు కావ్యములందు వెదకిన దానిని సుదర్శన్‌గారు బట్టలో చూపిరి. ఈ చిత్రమును మేము ఇంటి వృద్ధస్త్రీలతో కూర్చుండి చూచితిమి. వారు కథను గూర్చి మాటలాడలేదు. చీరకట్టును గూర్చియు, కడవ ఎత్తుకొన్న తీరును గూర్చియు మాటలాడిరి. తరువాత చాలసేపు మౌనముగా నుండిరి. ఆ మౌనములో మాకు తెలియని ఒక చరిత్ర యున్నదని అప్పుడు మాకు తోచినది.

గడీ దాటి మగ్గము గుంట దగ్గరకు పోవుదము. నల్లగొండ సీమయందలి పోచంపల్లికి లోకములో రెండు కీర్తులు కలవు. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబాభావేగారికి నూరెకరముల భూమి దానమిచ్చినందున భూదానోద్యమము పుట్టినది ఇచటనే. రెండవది చిటికి నేత. బెనెగల్‌గారు 1987లో ‘సుస్మన్’ అను చిత్రమున ఈ నేతగాండ్ర కథనే తీసికొనిరి. ఓంపురి నేతగాడు రాములుగాను, షబానా ఆజ్మీ ఆయన భార్య గౌరమ్మగాను నటించిరి. ఇతరుల కొరకు పట్టుచీర నేయు రాములు, తన బిడ్డ పెండ్లికొక చీర నేయుటకు అందులోని పట్టు కొంత దాచుకొని దొంగ యనిపించుకొనును. జీవితమంతయు పట్టు నేసినవాని యింట పట్టుచీర లేకుండుట! ఇంతకు మించిన అర్థశాస్త్రము వేరొకటి యేమున్నది? 1976లో గుజరాతు పాడిరైతులు ఐదు లక్షలమంది తలకు రెండు రూపాయల చొప్పున వేసికొనగా ‘మంథన్’ తీసిన ఈ దర్శకునకు, శ్రమ చేయువారి సంగతి శ్రమ చేయువారి పక్షమున చెప్పుట కొత్త గాదు.

చిటికి నేతలో నొక విశేషము కలదు. ఇతర నేతలలో నేయుచున్నప్పుడు పూవు పుట్టును. ఇందులో నేయకముందే నూలు మీద పూవు పుట్టును. పోగులను కొలిచి, గీత గీసి, రంగంటరాని చోట్ల బిగించి కట్టి, అద్దకము చేసి, కట్లు విప్పి, పడుగును పేకను కలిపినప్పుడు ఆకారము తేలును. ఒక్క ముడి జరిగినను పూవు చెదరును. దర్శకుని పనియు నిట్టిదే. తుక్కుతుక్కుగా, ముందువెనుకలుగా తీసిన తునకలన్నియు మొదటనే ఆయన మనస్సులో ముడివడి యుండవలయును. చూచువానికి కనబడునది కలిసిన పూవు. కట్లు కట్టిన చేతులు కనబడవు.

ఆ చేతులనే కథగా చేసికొన్నది 2019లో రాజ్ రాచకొండగారు తీసిన ‘మల్లేశం’. ఆలేరు ప్రాంతమందలి శారాజీపేట నేతయింట పుట్టిన చింతకింది మల్లేశముగారు తల్లి ఆసు పోయుట చూచెను. చీర యొకదానికి ఆమె చేయి వేల పర్యాయములు ఇటునటు తిరుగవలయును. భుజము కీళ్లు అరిగిపోవును. ఆ బాధ మాన్పవలెనని ఏండ్లతరబడి తంటాలుపడి ఆయన ఆసుయంత్రము కనిపెట్టి, దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టెను. 2017లో ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చినది. దర్శకుడీ కథను వీరగాథగా ఉబ్బింపలేదు. కొడుకు తల్లి భుజమును చూచు చూపుతో మొదలుపెట్టి, ఆ భుజము విశ్రమించుటతో ముగించెను. ఆడువారి నొప్పి ఇంటిలో మామూలు సంగతిగా గడచిపోవు దేశములో, దానిని కథకు మూలకారణముగా చేయుట సంస్కరణమే.

పాలమూరు మాటకు వత్తము. పాలమూరు కూలీ యనగా దేశములో అనేక ఆనకట్టల క్రింద చెమటోడ్చినవాడు. గుంపు మేస్త్రీ చేతిలో ముందుగా కొంత పైకము పుచ్చుకొని, ఇంటికి తాళము వేసి, ముసలివారిని పల్లెలో విడిచి, పిల్లలను చంకన వేసికొని పరదేశములకు పోయినవాడు. పరుల పొలములకు నీరు తెచ్చి తన పొలము ఎండబెట్టుకొన్నవాడు. నర్సింగరావుగారి ‘మట్టి మనుషులు’ (1990) పల్లె విడిచి పట్నములో మేడలు కట్టు కూలీల చిత్రము. దానిని చూచిన పాలమూరువారికి అందు తమవారే కనబడుదురు. తాము కట్టిన మేడలో తమకు నీడ లేదను సంగతిని ఆయన వాదించి చెప్పలేదు, ఇటుకలు మోయువారి నడకలో చూపిరి. 2002లో వచ్చిన ‘కుబుసం’లో పాలమూరు సీమ గౌరారమున పుట్టిన గోరటి వెంకన్నగారి పాట, కుమ్మరి వామి, కమ్మరి కొలిమి చల్లారిన పల్లె దుఃఖమును ఊరూరికి మోసినది. చిత్రమును మరచినవారును ఆ పాటను మరువలేదు.

ఇంత మెచ్చిన పిదప లోపములు చెప్పకుండుట న్యాయము గాదు. మొదటిది, ఈ చిత్రములలో స్త్రీ పడిన బాధ కనబడినంతగా ఆమె చేసిన పోరు కనబడదు. పాలకుర్తిలో తన పంటను దొరకు దక్కనీయని చాకలి ఐలమ్మను, తుపాకి పట్టిన ఆరుట్ల కమలాదేవిగారిని తలచుకొన్నచో, లక్ష్మి, సుశీల, కమలాక్షులతోనే మన స్త్రీల చరిత్ర పూర్తి కాలేదని తెలియును. రెండవది భాష. బెనెగల్‌గారి రాములు హిందీలో మాటలాడవలసి వచ్చినది. తెలుగు చిత్రములలోనైతే, తెలంగాణపు పలుకుబడిని చాలకాలము హాస్యగానికిని, దుష్టునికిని విడిచి, నాయకునికి వేరొక సీమ పలుకు నిచ్చిరి. తల్లి మాటలాడు మాట తెరమీద నవ్వులపాలగుట చూచి పెరిగిన పిల్లవాడు పదిమందిలో నోరు విప్పుటకు జంకును. ‘మా భూమి’, ‘దాసి’, ‘మల్లేశం’ మొదలగునవి చేసిన గొప్ప ఉపకారములలో, ఆ మాటకు గౌరవస్థానము నిచ్చుట యొకటి. మూడవది, ఇవి ఎవరి కథలో వారికి చాలవరకు చేరలేదు. బహుమానములు ఢిల్లీలో వచ్చినవి, మెప్పు విదేశములలో వచ్చినది. మగ్గము గుంటలో కూర్చున్నవాడు తన చిత్రమును చూడనే లేదు.

ఈ మూడవ లోపమును దిద్దుట దర్శకుల పని కాదు, మన పని. చలనచిత్రపు చుట్ట తాళపత్రము కంటెను త్వరగా చెడును. 1921లో రఘుపతి వెంకయ్యగారి కృషితో వెలువడిన ‘భీష్మప్రతిజ్ఞ’ నేడు చూచుటకు లేదు. గ్రంథాలయోద్యమ కాలమున మన పెద్దలు ఊరూర పుస్తకములు పోగుచేసినట్లే, మన గ్రంథాలయములు ఈ చిత్రముల మంచి ప్రతులను సంపాదించి, ఏటికి నాలుగు మారులైన ఊరి నడుమ తెర కట్టి చూపింపవలయును. చూపిన పిదప వృద్ధులను మాటలాడింపవలయును. దొరగడీని కన్నులార చూచినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. వారి నోట వచ్చు మాటను వ్రాసికొన్నచో, దర్శకుడు చూపని సగము చరిత్ర మనకు దొరకును.

ఇంటిలో తల్లులకొక మనవి. పిల్లలు సినిమా చూచి వచ్చినప్పుడు ఎవరు నటించిరి అని అడుగుటతో ఆగక, ఎవరు తీసిరి అని కూడ అడుగుడు. ఇంటిపని చేయు స్త్రీని ఎట్లు చూపిరి, మన మాట ఎవరి నోట పెట్టిరి అని అడుగుడు. అట్టి ప్రశ్నలు వేయనేర్చిన పిల్లవానికి చెడ్డ చిత్రము హాని చేయలేదు. మా యింటి వృద్ధస్త్రీలు ‘దాసి’ చూచిన రాత్రి, ఎన్నడును లేనిది, వంటయింటి పనిమనిషిని కూర్చుండబెట్టి అన్నము వడ్డించిరి. ఎవరును ఏమియు అనలేదు.